టెంకాయ నిలబడిన చోటు

ఆ ఉదయం వీరేష్ పెట్టుకున్న పని ఒక్కటే: బడి బోర్డు మీటింగులో నోరు మూసుకుని కూర్చోవడం. ఆయన వేరుశనగ పురుగుల మీద పరిశోధన చేసే సైంటిస్టు. సైంటిస్టు ఒకడుంటే బడికి అందమని, బత్తలపల్లె దారిలో ప్రైవేటు బడి నడిపే గంగాధరప్ప ఆయన్ని తల్లిదండ్రుల తరఫున బోర్డులో వేసుకున్నాడు.

కూతురు సువర్ణ బడికి పోతూ గుమ్మంలో ఆగింది. తల్లి పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో గదమాయించే పని ఆ పిల్లదే.

"నాయనా, నీ నోటి పుణ్యాన రెండు బళ్ళు మారినా. ఈడన్నా పదో తరగతి కానీ."

"మాట్లాడనులేమ్మా."

బడి బోరు ఎండిపోయింది. మీటింగు దానికోసమే. ముందు పూజ చేసి, పూజారి వీరేష్ చేతిలో టెంకాయ పెట్టాడు. బయటికొస్తే చెప్పులు లేవు. అరచేతిలో టెంకాయతో, వట్టికాళ్ళతో మైదానంలో వెతుకుతుంటే పల్లేరుగాయ గుచ్చుకుంది. చటుక్కున ఆగి ఒంటికాలి మీద ఊగాడు. చేతిలో పడుకున్న టెంకాయ నిక్కి నిలబడింది.

బోరుకు పాయింటు చూసేవాళ్ళు ఆ సీమలో అచ్చం అలాగే నడుస్తారు. కాయ లేచిన చోట నీళ్ళున్నట్టు.

"రేయ్ జయరాముడూ!" వసారాలోంచి గంగాధరప్ప అటెండరును కేకేశాడు. "ఆడ రాయి పెట్టు! సారు పాయింటు పట్టినాడు!"

"అది కాదన్నా, నేను..." అంటూ వీరేష్ తలెత్తాడు. తరగతి కిటికీలో సువర్ణ. పెదాల మీద వేలు. మిగతా మాట మింగేశాడు.

మర్నాటికి రాయికి పసుపూ కుంకుమా పడ్డాయి. ఆ పైన గేటుకు బ్యానరు: 'సైన్సు చూపిన గంగమ్మ'. వీరేష్‌కు తలెత్తి అటు చూడబుద్ధి కాలేదు. దారిలో ఆంజినమ్మ అనే ముసలామె పట్టుకుంది.

"సారూ, మా చేన్లో గూడా ఒకతూరి నడిసిపోప్పా."

"నేను పురుగుల సైంటిస్టునమ్మా!"

"పురుగు మాత్రం తేమ లేని తావున ఉంటాదా? నాకు తెలీదా ఏం!"

బోరు బండి వచ్చింది. పిల్లల తల్లిదండ్రులంతా చుట్టూ చేరారు. తెల్లటి దుమ్ము తప్ప ఏమీ లేవడం లేదు. వీరేష్ చొక్కా చెమటతో తడిసింది. మైదానంలో ఉన్న తడి అదొక్కటే.

"ఏమప్పా సైంటిస్టూ, యాడుండాది గంగమ్మ?" గంగాధరప్ప గొంతులో మర్యాద తగ్గింది.

బండి నడిపే జాకబ్ బీడీ ముట్టించి, వీరేష్ వైపు జాలిగా చూశాడు. "మా పక్క పాయింటు తప్పినోన్ని ఆ గుంత కాడే కట్టేసినారు సార్. మంచోడే, పాపం."

వీరేష్ గేటు వైపు చూశాడు. గేటుకు తాళం ఉంది.

అప్పుడు పడ్డాయి నీళ్ళు. బురద చిమ్మి, బోరు బండి కడ్డీలను మించి లేచాయి. ఈలలు, కేకలు. గంగాధరప్ప ఆయన్ని వాటేసుకుని మైకు చేతిలో పెట్టాడు. అన్నాళ్ళ భయం ఒక్కసారిగా వదిలింది. దాంతోపాటు నోరూ వదులైంది.

"నాకు నీళ్ళ సంగతి ఏమీ తెలీదు. ముల్లు గుచ్చుకుని ఆగినా, అంతే! టెంకాయ బూటకం. ఆ బ్యానరు బూటకం. నమ్మిన ఈ బోర్డుకు బుర్ర లేదు!"

జనం పగలబడి నవ్వారు. గంగాధరప్ప నవ్వలేదు.

"వాకిట్లోకొచ్చిన గంగమ్మను ముల్లంటాడా! ఆ పిల్ల టీసీ రాయండి!"

ఇంటిదారిలో సువర్ణ టీసీ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ పైన అంది: "నీళ్ళు పడేదాకా ఓర్చుకుంటివి. ఇంగొక్క నిమిషం ఓర్చుకోలేకపోతివా నాయనా?"

నీళ్ళు లేక ఊళ్ళు విడిచినవాళ్ళు ఆ జిల్లాలో కోకొల్లలు. నీళ్ళు పడి బడి విడిచింది సువర్ణ ఒక్కతే.