ఐసు కోసం వెళ్లిన ఆడవాళ్లు

ఎండ ముదరక ముందే ముఖ్తియార్కార్‌ను కాలువ గట్టు మీదికి నడిపించాలి, గండి చూపించాలి, ఆపైన ఇంటికి తెచ్చి చల్లని బాదం షర్బత్ తాగించాలి. ఆ పొద్దున బచల్ వేసుకున్న పథకం ఇంతే. తాలూకాకంతటికీ పెద్ద అధికారి గడప తొక్కుతున్నాడని వాకిలి రెండుసార్లు ఊడ్పించి, పాకలో మంచానికి కొత్త నులక అల్లించాడు.

గొడవంతా ఆ గండి దగ్గరే. పొరుగు రైతు షామీర్ నీటి వంతు నడుస్తుండగా పిల్ల కాలువ గట్టు తెగి, నీళ్లన్నీ బచల్ పొలంలోకి పోయాయి. బచలే తెంపాడని షామీర్ ఫిర్యాదు పెట్టాడు. బచల్ గట్టు మీద చెయ్యి వేసిన పాపాన పోలేదు. కానీ తప్పు అతనిదని తేలితే ఈ పంటకు అతని వంతు నీళ్లు పోతాయి. ఎగువ సింధ్ ఎండల్లో నీళ్లు లేని వరినారు వారం తిరక్కుండా గడ్డిపరక అవుతుంది.

ముఖ్తియార్కార్ వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. జీపు దిగినవాడు గట్టు వైపు ఒక్క చూపు చూసి, తిన్నగా పాకలోకి వచ్చి మంచమ్మీద కూలబడ్డాడు.

"గండి చూద్దురుగాని రండి సాయీ," అన్నాడు బచల్.

"ఇక్కణ్ణించి కనిపిస్తోందిగా," అన్నాడాయన కళ్లు మూసుకుని. "ముందు చల్లగా ఏమన్నా పట్రా."

ఐసు బండి ఆవేళ రాలేదు. దారిలోనే ఐసంతా కరిగిపోయి, బండి ఉత్త గోనెసంచితో వెనక్కి పోయిందట. బచల్ ఇంట్లోకి పరుగెత్తాడు. "ఎక్కణ్ణించైనా ఐసు పట్రా. ఆయన చల్లబడితేనే మన మాట చెవికెక్కేది!"

"ఎక్కణ్ణించి తేను? ఆకాశంలోంచా?" అంది భార్య భాగ్‌భరీ.

"ఎక్కణ్ణించైనా అన్నానా!"

కాసేపటికి పశువులు తోలుకునే లుతుఫ్ పాకలోకి వచ్చి బచల్‌ను గట్టిగా కావలించుకున్నాడు. "ముబారక్ అదా, మా అన్నవంటే నువ్వే! పెద్దమనిషివనిపించుకున్నావ్. అంతా ఒప్పేసుకున్నావట!"

"ఏంటి ఒప్పుకుంది?"

"ఇంకా దాపరికమెందుకు? మీ ఆడవాళ్లంతా షామీర్ గుమ్మం ముందుకెళ్లి నిలబడ్డారుగా. మీ ఇంటి పెద్దావిడ సభాయి అత్త ముందుందట. షామీర్ మాఫ్ చేశాడు!"

ఆ జిల్లాలో కాలువలు తవ్వించిన తెల్లదొరల కాలం నుంచి నేటి దాకా కచేరీలు ఎన్ని తీర్పులిచ్చినా, పగ తీరేది ఒక్క విధంగానే. తప్పు చేసిన ఇంటి ఆడవాళ్లు గుంపుగా ఎదుటివాడి గడపకు నడిచి వెళ్తారు. ఆడవాళ్లు వచ్చాక ఎంతటి పగవాడైనా ముందున్నామె తలమీద దుప్పటి కప్పి క్షమించి తీరాలి. తప్పు చేయని ఇంటి ఆడవాళ్లు పగవాడి గడపకు వెళ్లడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు.

ముఖ్తియార్కార్ కళ్లు తెరిచాడు. "అంటే గండి నువ్వే కొట్టావన్నమాట. ముందే చెబితే నాకీ ఎండ తప్పేదిగా!"

"సాయీ, నేను కాదు..."

"మీ ఆడవాళ్లు వెళ్లాక నువ్వు కాదంటే ఎవడు నమ్ముతాడయ్యా?"

అప్పుడే భాగ్‌భరీ, తోడికోడళ్లు, సభాయి అత్త తిరిగొచ్చారు. అత్త తలమీద షామీర్ కొత్త అజ్రక్ దుప్పటి ఉంది. వెనక గాడిద మీద చెక్కపెట్టెతో సహా ఐసు దిమ్మ. బచల్ భార్యను గోడ చాటుకు లాగాడు.

"పోయి పోయి వాడింటికెళ్లావా!"

"ఊళ్లో ఐసు ఆ ఒక్క ఇంట్లోనే ఉంది. ఎక్కణ్ణించైనా అన్నది నువ్వే. ఎండ కదా, తోడు రమ్మన్నానని వీళ్లొచ్చారు. నేను ‘ఐసు’ అనేలోపే అత్త నెత్తిన దుప్పటి కప్పి ఏడవడం మొదలెట్టాడు. ఏడ్చేవాణ్ణి ఐసు ఎట్టా అడగను? వాడే ఇచ్చాడు."

"నిజం చెప్పేస్తాను."

"చెప్పు. ఊరంతా వాణ్ణి చూసి నవ్వుద్ది. ఐసు అడగడానికొస్తే మాఫీ చేశాడంటారు. ఆ తర్వాత వాడు గట్టు కాదు, నీ కాళ్లు తెంపుతాడు."

బచల్ పాకలోకి వచ్చి రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లూ మూశాడు. ముఖ్తియార్కార్ షర్బత్ గ్లాసులో ఐసు ముక్క నములుతూ, బచల్ నీటి వంతు రద్దని రాయడానికి కలం తీశాడు.

అంతలో షామీర్ బచల్‌కివ్వడానికని ఒక మేకను లాక్కుంటూ వచ్చాడు. వస్తూనే తలపాగా తీసి బచల్ కాళ్ల దగ్గర పెట్టాడు.

"నన్ను చెప్పుచ్చుకు కొట్టు అదా! గట్టు తెంపింది నా గేదె. నీళ్లలో పొర్లి తొక్కేసింది. ఫిర్యాదు పెట్టిన మర్నాడే తెలిసింది, వెనక్కి తీసుకోడానికి సిగ్గేసింది. మావాళ్లు నీ గడపకు రావాల్సింది పోయి, ఏ తప్పూ లేని నువ్వు మీవాళ్లను పంపావు! నువ్వు మామూలు మనిషివి కాదు!"

పాకలో ఐసు నమలడం ఆగిపోయింది.

ముఖ్తియార్కార్ తేరుకుని అన్నాడు. "అయితే రద్దయ్యేది నీ వంతు. ఈ పంటకు అదీ బచల్‌దే." ఈ మాట షామీర్ ఊహించలేదు. మేక తాడు అతని చేతిలోంచి జారిపోయింది. జీపు వెళ్లాక మేకను అక్కడే వదిలేసి ఇంటిదారి పట్టాడు.

మర్నాడు పొద్దున్నే షామీర్ ఇంటి ఆడవాళ్లు గుంపుగా వచ్చి బచల్ గుమ్మం ముందు నిలబడ్డారు. ముందు షామీర్ తల్లి. బచల్ మంచం మీంచి ఒక్క దూకు దూకి, దండెం మీది అజ్రక్ లాగి ఆమె తలమీద కప్పాడు.

"మాఫ్ చేశానమ్మా! మీ వంతు నీళ్లు మీరే పెట్టుకోండి. ముఖ్తియార్కార్‌కు నేను చెప్పుకుంటాను."

ముసలామె ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ఆమె చూపు బచల్ భుజం మీదుగా, గోడ పక్కనున్న తమ ఇంటి ఖాళీ ఐసు పెట్టె మీదే ఉంది.

ఏం పని మీద వచ్చారని బచల్ అడగలేదు.