గాల్లో కుర్చీ: ఒక ఆదివారం కుస్తీల సమీక్ష

ఇనప కుర్చీ గాల్లో ఉంది.

దాన్ని ఎత్తినవాడు తమ్ముడు. దాని కింద ఉన్నది అన్న తల. ఇంకో రెప్పపాటులో ఏదో ఒకటి వంగిపోవాలి. కుర్చీ అయినా, తల అయినా.

టీవీలో కుస్తీ కదా, అంతా ఉత్తుత్తిదే కదా అని కాళ్లు చాపుకుని కూర్చోకండి! టీవీ ఆ గోడకుంది. ఈ కుర్చీ ఈ గోడ పక్కన, హాల్లో, సోఫా ముందు లేచింది. తమ్ముడు ఈ ఇంటి చిన్నకొడుకు. తల పెద్దకొడుకుది.

ఇప్పుడు మీరు ఏమంటారో తెలుసు. "ఆ దిక్కుమాలిన కుస్తీలు చూసే ఇలా తయారయ్యారు!" అంటారు. తప్పు! పూర్తిగా తప్పు! కుటుంబాలు చల్లగా ఉండాలంటే వారానికొకసారి ఇంటిల్లిపాదీ కూర్చుని కుస్తీ చూసి తీరాలి. పెద్దలకు మర్యాద, పిన్నలకు విధేయత, మధ్యవాళ్లకు ఓర్పు నేర్పే కార్యక్రమం ప్రపంచంలో ఇంకోటి లేదు. నమ్మరా? అయితే కుర్చీని కాసేపు గాల్లోనే ఉంచి, ఆ మధ్యాహ్నం జరిగిన పోటీలను వరసగా సమీక్షిద్దాం.

తొంభైల చివరి రోజులు. ఇంటింటికీ కేబుల్ వైరు పాకి, ప్రపంచంలోని కండలన్నీ హాళ్లలోకి దిగిన కాలం. ఈ ఇల్లు ఒక కుర్చీల షాపు వెనకాల ఉంది. ఫంక్షన్లకు కుర్చీలు, బల్లలు, బల్లల మీద గుడ్డలు అద్దెకిచ్చే షాపు. యజమాని పెద్దాయన. అందరూ అలాగే పిలుస్తారు. జీవితంలో ఒక్కసారి కూడా ఎవరితోనూ "కాదు" అనని మహానుభావుడు.

కుర్చీల ఇంట్లో కుస్తీ చూడటం ఒక ప్రత్యేకమైన అనుభవం. మిగతా ఇళ్లలో కండలు చూస్తారు. వీళ్లు కుర్చీలు చూస్తారు.

"రేకు చూడరా పెద్దోడా, ఎంత పల్చనో! నెత్తిన ఒక్కటి పడగానే కాగితంలా మడతపడింది. మన కుర్చీ అయితేనా..." అని పెద్దాయన మీసం దువ్వేవాడు.

"మన కుర్చీ అయితే నెత్తి మడతపడేది నాన్నా" అనేవాడు పెద్దకొడుకు.

అది గొప్పకు అన్న మాట కాదు. వాళ్ల కుర్చీ ఒక్క చేత్తో ఎత్తాలంటే భుజం పీకేది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మొదటి పోటీ: ఈలల మాస్టారు, గొలుసు మామ. ఈ పేర్లు ఇంట్లోవాళ్లు పెట్టినవి. అసలు పేర్లు ఇంగ్లీషు కామెంటరీలో కొట్టుకుపోయేవి. మాస్టారు నిక్కరేసుకుని, మెడలో ఈల తగిలించుకుని, జనాన్నంతా బెంచీ ఎక్కించేలా చూస్తూ వచ్చాడు. మామ ఓడ లంగరు గొలుసు మెడలో వేసుకొచ్చాడు. కాసేపు తోసుకున్నారు. కాసేపు తిట్టుకున్నారు. అంతలో మాస్టారు జేబులోంచి ఏదో పొడి తీసి మామ కళ్లల్లో కొట్టాడు. సుద్దముక్కల పొడి అని చిన్నకోడలి అనుమానం.

ఆ సమయానికి చారల చొక్కా రిఫరీ ఏం చేస్తున్నాడు? బూటు లేసు కట్టుకుంటున్నాడు! లేచి చూసేసరికి మామ కింద, మాస్టారు పైన. నేల మీద మూడు చరుపులు చరిచి, మాస్టారి చెయ్యి పైకెత్తేశాడు.

"అన్యాయం!" చిన్నకోడలు సోఫాను గుద్దింది. "కళ్లల్లో కొట్టాడు. మీరు చూశారుగా మావయ్యా?"

"చూశానమ్మా. నువ్వన్నదే నిజం."

"రింగులోకి గొలుసు తెచ్చినవాడిది తప్పు కాదా మావయ్యా?" పెద్దకోడలు ఊరుకుంటుందా!

"అదీ నిజమేనమ్మా."

కోడళ్లిద్దరూ గెలిచారు. ఇలాంటి ఫలితం ఏ కుస్తీలోనైనా చూశారా?

పెద్దాయన వ్యాపారం కూడా ఇలాగే సాగేది. ఒకే సాయంత్రానికి ఒకే కుర్చీలను ఇద్దరికి ఒప్పుకునేవాడు. ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు. సాయంత్రం ఒక హాల్లో జనం కూర్చునేవాళ్లు, ఇంకో హాల్లో నిలబడేవాళ్లు. నిలబడ్డవాళ్లు షాపు మీదికి వస్తే కొడుకులు ఎదురెళ్లేవాళ్లు. పెద్దాయనకు సరిగ్గా అప్పుడే గోడౌన్‌లో ఏదో పని గుర్తొచ్చేది. అందుకే ఊళ్లో ఆయనకు వెన్నముద్ద అని పేరు. కొడుకులకు మొరటోళ్లని పేరు. పెంపకంలో ఎక్కడ లోపం జరిగిందో పాపం ఆ వెన్నముద్దకే అర్థమయ్యేది కాదు.

ఈ ఇంట్లో కుస్తీ చూడని మనిషి ఒక్కరే. పెద్దాయన భార్య. టీవీకి వీపు పెట్టి, ఉతికిన బల్లగుడ్డలు మడతపెడుతూ కూర్చునేది. చూడమంటే "నాకు కొట్లాట చూడాలంటే టీవీ ఎందుకు?" అనేది.

రెండో పోటీ మొదలవబోతుండగా సైన్‌బోర్డులు రాసే పెయింటరు వచ్చాడు. రెండు చంకల్లో రెండు బోర్డులు. రెంటికీ పాత పేపరు చుట్టి ఉంది.

"రావయ్యా!" అంటూ పెద్దకొడుకు లేచాడు. "వచ్చావా!" అంటూ చిన్నకొడుకూ లేచాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పేపరు విప్పారు.

ఒక బోర్డు మీద ఎర్ర అక్షరాలతో పెద్దకొడుకు పేరు, కింద ప్రొప్రయిటర్. ఇంకో బోర్డు మీద నీలం అక్షరాలతో చిన్నకొడుకు పేరు, కింద ప్రొప్రయిటర్. రెంటిమీదా ఒకే షాపు అడ్రసు. రెంటి మూలనా ముచ్చటగా ఒక్కో కుర్చీ బొమ్మ.

రెండో పోటీ ఎవరెవరి మధ్య జరిగిందో ఈ సమీక్షకు అందలేదు. టీవీ వైపు ఎవరూ చూడలేదు.

"ఇదేంటన్నయ్యా?"

"అది నేనడగాలి. నాన్న షాపు తాళాలు నాకిస్తానన్నాడు. గోడౌన్‌లో, నా తలమీద చెయ్యేసి మరీ చెప్పాడు."

"నాకూ చెప్పాడు! నా తలమీదా చెయ్యేశాడు!"

"నీ తలమీదా? అందులో ఏముందని చెయ్యి ఆనుతుంది?"

చిన్నకోడలు కిసుక్కున నవ్వబోయి, అది తన మొగుడి తల అని గుర్తొచ్చి మానుకుంది.

పెయింటరు గొంతు సవరించుకున్నాడు. "బాబూ, ఆ బోర్డుల సంగతి..." "నువ్వాగు!" అన్నారు అన్నదమ్ములు. ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరూ కలిసి ఒప్పుకున్న మాట అదొక్కటే. పెయింటరు వెనక్కి తగ్గి, బల్లగుడ్డల పక్కన చతికిలబడ్డాడు. ఇంటావిడ అతని చేతికి టీ గ్లాసు ఇచ్చింది. "నాకు చెప్పు" అంది.

అతను గొంతు తగ్గించి చెప్పాడు. అన్నదమ్ములు విడివిడిగా వచ్చి ఆర్డరిచ్చారట. రెండు బోర్డులూ ఆరుతుండగా పెద్దాయన అటుగా వచ్చాడట. రెంటినీ చదివాడట.

"చదివి?"

"'రెండూ బాగున్నాయయ్యా, కానివ్వు' అన్నారమ్మా."

ఆవిడ చేతిలో గుడ్డ సగం మడతలో ఆగిపోయింది.

ఇక అసలు పోటీ! ముసుగు అన్నదమ్ములు! ఇన్నాళ్లూ ఒకే జట్టుగా, ఒకరి వీపు ఒకరు కాచుకుంటూ లోకాన్ని చితగ్గొట్టిన వీరులు. ఆవేళ గెలిచినవాడికిచ్చే బెల్టు ఒక్కటే, ముసుగులు రెండు. చెరో కొస పట్టుకుని లాగుతున్నారు. కామెంటేటరు గొంతు చిరిగేలా అరుస్తున్నాడు.

హాల్లో కామెంటేటర్ల కొరత లేదు. "ఏనాడైనా లోడు ఎత్తావా? లారీ ముందు సీట్లో కూర్చోవడం తప్ప!" "నువ్వు ఎత్తావా? కస్టమర్లతో నవ్వడం తప్ప!" "పుట్టినప్పటినుంచీ నా వెనకాల పడి తిన్నావు!" "నువ్వు తిన్నాక మిగిలిందేగా తిన్నది!" కోడళ్లు చెరో కొంగు పట్టుకుని లాగారు. లాభం లేకపోయింది. పొద్దున షాపులోంచి రిపేరుకని లోపలికి తెచ్చిన కుర్చీ ఒకటి గోడకు ఆనించి ఉంది. చిన్నకొడుకు దాన్ని మడిచాడు. ఎత్తాడు.

హమ్మయ్య! కుర్చీ దగ్గరికి వచ్చేశాం.

అన్న కదల్లేదు. "కొట్టరా" అన్నాడు. "కొట్టు. రేపట్నుంచి గోడ కట్టించుకుందాం. షాపుకీ, ఇంటికీ కూడా."

టీవీలో తమ్ముడు ముసుగు కూడా కుర్చీ ఎత్తాడు. అక్కడి రిఫరీ ఎక్కడ? ఎవరి మోచెయ్యో గాలికి తగిలినట్టు ఒక మూల వెల్లకిలా పడిపోయి ఉన్నాడు.

"నాన్నా!" అన్నాడు తమ్ముడు. భుజం పీకుతోంది. కుర్చీ బరువు అలాంటిది. "ఒక్క మాట చెప్పు. తాళాలు ఎవరికిస్తానన్నావు? అబద్ధమాడింది నేనా, లేక అన్నయ్యా?"

"చెప్పు నాన్నా" అన్నాడు అన్న.

ఊపిరి బిగబట్టండి! ఒక్క మాట. ఆ ఒక్క మాటతో కుర్చీ దిగుతుంది. పెద్దాయన నోరు తెరిచాడు. పెద్దవాడిని చూశాడు. వాడన్నదీ నిజమే అనిపించింది. చిన్నవాడిని చూశాడు. వాడన్నదీ నిజమే అనిపించింది.

"అయ్యో, నా కళ్లజోడు!" అని, పక్కనే గుడ్డ పరిచి ఉన్న బల్ల కిందికి వంగి మాయమయ్యాడు.

చూశారా ఆ నేర్పు! ఈలలేసి చప్పట్లు కొట్టాల్సిన ఘట్టం కాదూ ఇది! కొట్టుకునేవాళ్లకు దెబ్బలు తగులుతాయి, చూసేవాళ్లకు గొంతు పోతుంది. సరైన క్షణంలో అటు తిరిగినవాడి చొక్కా మాత్రం నలగదు. నేలంతా నెత్తురైనా "పాపం పెద్దమనిషి, ఎవరినీ ఒక్క మాట అనడు" అని లోకం మెచ్చుకునేది ఆయన్నే. ఆ విద్యను బహిరంగంగా, రంగుల్లో, వారం వారం నేర్పుతున్నందుకు కుస్తీకి మనం ఎంత రుణపడి ఉండాలి!

నిజానికి కుస్తీలో ఇంకో సుఖం కూడా ఉంది. అక్కడ రిఫరీకి చారల చొక్కా వేస్తారు, చూడగానే పోల్చుకోవచ్చు. ఇళ్లల్లో ఆయన తెల్లచొక్కాలో తిరుగుతాడు. అదీ చిక్కు!

బల్లగుడ్డల దగ్గర్నుంచి ఇంటావిడ లేచింది. కొడుకుల మధ్యకు వచ్చి నిలబడింది.

"ఎలాగూ ఎత్తావుగా, ఇటు వెయ్యి. కూర్చుంటాను. మోకాళ్లు పీకుతున్నాయి."

ఊహ తెలిసినప్పట్నుంచీ "కుర్చీ వెయ్యి" అన్న మాటకు చిన్నకొడుకు చేతులు వాటంతటవే కదులుతాయి. కుర్చీ దించాడు. టక్కున విప్పాడు. అలవాటు కొద్దీ అరచేత్తో సీటు తుడిచాడు. అన్న కూడా అలవాటు కొద్దీ వంగి, కాళ్లు సమంగా ఆనాయో లేదో చూశాడు.

ఆవిడ కూర్చుంది. మొదటిసారి టీవీ వైపు తిరిగింది.

"ఆ మూల పడున్న చారల చొక్కా ఎవరే?"

"రిఫరీ అత్తయ్యా" అంది చిన్నకోడలు.

"ఆయన పనేంటి?"

"ఎవరైనా తప్పు చేస్తే ఆపాలి."

"మరి పడుకున్నాడేం?"

"గాలికే దెబ్బ తగిలింది" అంది పెద్దకోడలు.

"ఎవరూ కొట్టందే?"

ఆవిడ వంగి, బల్లగుడ్డ అంచు పైకెత్తింది. కింద పెద్దాయన మోకాళ్ల మీద ఉన్నాడు.

"కళ్లజోడు మీ ముక్కు మీదే ఉంది" అంది.

పెద్దాయన ముక్కు తడుముకున్నాడు. "అవునే... నువ్వన్నదే నిజం."

"ఇన్నేళ్లూ అందరికీ అదే చెప్పారు. పెద్దాడికి సరే. చిన్నాడికి సరే. పెయింటరుకూ సరే. వీళ్లు కుర్చీ ఎత్తితే బల్ల కింద దూరారు." కొడుకులిద్దరూ తల్లిని చూశారు, తర్వాత పెయింటర్ని చూశారు, తర్వాత బల్ల కిందికి చూశారు. ఆవిడ బల్లగుడ్డను ఇంకాస్త పైకి లాగింది. "తప్పు ఎర్రబోర్డుదీ కాదు, నీలంబోర్డుదీ కాదు. బయటికి రండి రిఫరీగారూ. ఈ ఇంట్లో దొంగాట ఆడింది మీరే!"