వరుస చివర నిలబడే భాగ్యం

ఈ రోజుల్లో తేరగా పుణ్యం దొరికే చోటు ఒక్కటే మిగిలింది. దెయ్యాల కథలూ, గ్రహాంతరవాసుల బొమ్మలూ ఇష్టపడేవాళ్లు ఏటా జరుపుకునే అభిమానుల సమ్మేళనంలో జీతం లేని వాలంటీరుగా చేరడం!

నవ్వకండి. నేను చేరాను. అనుభవం మీద చెబుతున్నాను.

టికెట్ కొనక్కర్లేదు. పైగా ఆకుపచ్చ జాకెట్ ఒకటి ఇస్తారు. అది తొడుక్కున్న క్షణం నుంచి మీరు ఎవరి కంటికీ కనిపించరు. నాలాంటి బిడియస్తురాలికి ఇంతకన్నా వరం ఏముంటుంది? ఇంటికి ఎవరైనా కొత్తవాళ్లు వస్తే వంటింట్లోకి పారిపోయేదాన్ని. ఇక్కడ రెండు వేల మంది మధ్య నిలబడ్డాను. ఏం చదువుతున్నావమ్మా అని ఒక్కరూ అడగలేదు. చుట్టాలింటికి వెళ్లేటప్పుడు కూడా ఆ జాకెట్ ఇస్తే ఎంత బాగుండును!

దాపరికం ఎందుకు, నేను చేరింది సేవ కోసం కాదు. ఒక ప్రశ్న కోసం. ఆ రోజు ఒక రచయిత్రి వచ్చి పుస్తకాల మీద సంతకాలు చేస్తారని తెలిసింది. ఆవిడ రాసిన దెయ్యం కథ ఒకటి నేను పదకొండుసార్లు చదివాను. అందులో దెయ్యం కథ పొడవునా గోడల్లోంచి దూరి తిరుగుతుంది. చివరి పేజీలో ఆ ఇల్లు విడిచిపోయేటప్పుడు మాత్రం, మనుషుల్లాగా గడియ తీసుకుని తలుపులోంచి వెళ్తుంది. ఎందుకు? రెండేళ్లుగా తింటున్నా పడుకున్నా నాకు ఇదే ఆలోచన.

మాకు పనులు పంచిన ఆవిణ్ణి అందరూ వాకీటాకీ అక్క అంటారు. నా ప్రశ్న సంగతి చెబుదామని నేను నోరు తెరిచేలోగా, నా చేతిలో ఒక కర్ర పెట్టింది. కర్రకు బోర్డు. దాని మీద ‘వరుస చివర ఇక్కడ’ అని రాసి ఉంది.

“సంతకాల లైను నీది. అందరికన్నా వెనక నిలబడు. ఎవరొచ్చినా నీ ముందు నిలబడతారు, నువ్వు వెనక్కి జరుగుతావు. అంతే పని” అంది.

సంతకాల లైనే! నా దిష్టే నాకు తగులుతుందేమోనని భయపడ్డాను.

మొదట్లో నాకూ రచయిత్రికీ మధ్య నలుగురే. ఆవిడ కళ్లజోడు తుడుచుకోవడం కూడా కనిపించింది. ఇద్దరొచ్చారు, రెండడుగులు జరిగాను. ఇరవైమంది వచ్చారు, గుమ్మం దాటాను. పన్నెండింటికి కారిడార్ చివర ఉన్నాను. ఒంటిగంటకు మెట్ల మీద. రెండింటికి కింది అంతస్తులో, బాత్రూముల పక్కన. అక్కడ చేరినవాళ్లలో కొందరు వేరే పని మీద నిలబడ్డారని ఆలస్యంగా తెలిసింది. ఒక పెద్దాయన నలభై నిమిషాలు ఓపిగ్గా నిలబడి, ఇంతకీ లోపల ఎన్ని గదులున్నాయమ్మా, ఇంతసేపేమిటి అని అడిగారు.

మూడింటికి సైకిల్ స్టాండు దగ్గర తేలాను.

మీరే చెప్పండి, అభిమానానికి ఇంతకన్నా శాస్త్రీయమైన పద్ధతి ఉందా? ఆవిణ్ణి ఎంతమంది ఇష్టపడితే నేను అంత దూరం పోతాను. ఒక రచయిత్రి కీర్తిని అడుగుల లెక్కన కొలిచిన పాఠకురాలు ఇంకెవరున్నారు!

ఇక మాటకారితనం సంగతి. ఆ ఒక్కరోజే మూడువందల మందితో మాట్లాడాను. అందరితోనూ “చివర ఇక్కడండీ” అనే అన్నాననుకోండి, అయినా మాట మాటే కదా.

మధ్యలో ఫోన్ చేసిన మా బాబాయి, ఆ బోర్డేదో గోడకు తగిలించొచ్చు కదే అన్నాడు. ఆయనకేం తెలుసు? వెనక్కి జరగమంటే గోడ జరుగుతుందా?

నాలుగింటికి వాకీటాకీ అక్క వచ్చి బోర్డు తిప్పమంది. రెండోవైపు ‘వరుస ముగిసింది’ అని ఉంది. ఇక కొత్తగా ఎవరూ చేరరు. ఆఖరున మిగిలింది ఒక స్కూటర్ మెకానిక్, ఆయన సంకలో ఏడు పుస్తకాలు. ఆయన వెనక నేను. ఇప్పుడు ఆయన ఎటు అడుగేస్తే నేనూ అటే!

బాత్రూములు దాటాం, మెట్లెక్కాం. అడుగడుక్కీ నా ప్రశ్న నాకే అప్పజెప్పుకున్నాను. ‘మీ దెయ్యం’ అని మొదలుపెడితే మర్యాదగా ఉండదు. ‘మేడమ్, ఆ తలుపు’ అందాం. కారిడార్‌లో తొమ్మిదిసార్లు తప్పు లేకుండా వచ్చింది.

మెకానిక్ ఏడు సంతకాలూ చేయించుకున్నాడు. ఫొటో తీయమని ఫోన్ నా చేతికిచ్చాడు. తీశాను. వెళ్లిపోయాడు. బల్లకు అటు ఆవిడ, ఇటు నేను, మధ్యలో బోర్డు.

ఆవిడ తలెత్తి బోర్డు చదివారు. పెన్నుకు మూత పెట్టేశారు.

“అయిపోయినట్టేనా అమ్మా?”

ప్రశ్న నోటిదాకా వచ్చింది. కానీ పొద్దుట్నుంచీ డ్యూటీకి అలవాటుపడిన నోరు కదా.

“అయిపోయిందండీ” అన్నాను.

చెయ్యి పడిపోయిందమ్మా అంటూ లేచి, వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టారు. చూశారా, మూడువందల మందిలో ఆ భాగ్యం ఎవరికి దక్కింది?

తర్వాత వాకీటాకీ అక్క నా చేతిలోంచి బోర్డు తీసుకుంటూ, “నీలాంటి పిల్లలు దొరకరు తల్లీ. నోరు మెదపవు. రేపూ వస్తావుగా?” అంది. రేపు ముందువైపు నిలబడే పనేదైనా ఉందా అని అడగాలనుకున్నాను.

వస్తానక్కా అన్నాను.

కాబట్టి పాఠకులారా, వాలంటీరు సేవకు సాటి లేదు. ప్రాణంగా ఇష్టపడిన చోటికి వెళ్లి, అక్కణ్ణించి అడుగడుగునా దూరం జరిగే అవకాశం అందరికీ రాదు. అయినా మీరు తొందరపడి జాకెట్ అడగకండి. ఆ భాగ్యం నాకొక్కదానికి చాలు. మీరు శుభ్రంగా టికెట్ కొనుక్కుని రండి. నా ముందు నిలబడండి.

నేను జరుగుతాను.