జోసెఫ్ గారి మోకాలు

మంగళవారం ఉదయం బసవపున్నయ్య వేసుకున్న పథకంలో లోపమన్నది లేదు. ఎనిమిదింటికి భవానీపురంలో కారెక్కడం, తొమ్మిదిన్నరకు గన్నవరం విమానాశ్రయంలో మేనల్లుడి మామగారిని ఎక్కించుకోవడం, అటు నుంచి అటే ఆసుపత్రికి తీసుకెళ్ళి పరీక్షలన్నీ చేయించడం, భోజనం వేళకు ఇంటికి చేర్చడం. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ముప్ఫై నాలుగేళ్ళు షిఫ్టులు నడిపి రిటైరైన మనిషికి ఇదొక పనా అనుకున్నాడు.

ఆ మేనల్లుడి పేరు చక్రి. చిన్నప్పుడే తల్లి పోతే బసవపున్నయ్య, శివపార్వతి దంపతులే పెంచారు. ఆటోనగర్లో మెకానిక్ పని నేర్చుకుని, టాంజానియా వెళ్ళి, అక్కడ లారీ స్పేర్ పార్టుల దుకాణం పెట్టి, ఆ ఊరి అమ్మాయి నీమాను రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పుడా అమ్మాయికి ఏడో నెల. పోయిన నెల చక్రి ఫోన్ చేశాడు.

"మామయ్యా, మామా నీమాకి మోకాలు బాగా పాడైంది. రిటైరయ్యాక ఇన్సూరెన్సు కూడా పోయింది. ఇక్కడ ఆపరేషన్ అంటే మావల్ల అయ్యే పని కాదు. మనూళ్ళో చేయిద్దామని పంపిస్తున్నాను. మీ దగ్గరే ఉంటారు."

మామ అన్నాడు కనుక పిల్లనిచ్చిన మామగారే అయ్యుండాలని బసవపున్నయ్యకు అర్థమైంది. నీమా అన్నది ఆ అమ్మాయి పేరే కాక వాళ్ళ ఇంటిపేరు కూడా కాబోలని తనే తేల్చుకున్నాడు. వచ్చేదెవరో సరిగ్గా కనుక్కోమని శివపార్వతి అంటే, "ఉంటారు అన్నాడుగా, ఇంకేం కనుక్కోవాలి?" అన్నాడు. తెలుగులో మర్యాద పెరిగేకొద్దీ మనిషి ఆడో మగో తెలియకుండా పోతుందన్న సంగతి ఆయనకు తట్టలేదు.

అక్కడితో ఆగినా సరిపోయేది. కానీ బసవపున్నయ్య జాగ్రత్తపరుడు. సోమవారమే ఆసుపత్రికి వెళ్ళి కాగితాలన్నీ సరిచూశాడు. చక్రి పంపిన పాస్‌పోర్టును బట్టి రోగి పేరు రెహెమా జోసెఫ్ ముషీ అని, స్త్రీ అని కంప్యూటర్లో ఎక్కించి ఉంది. పేరులో జోసెఫ్ అని కనిపిస్తుంటే స్త్రీ అని ఎలా రాశారని కౌంటర్లో ఉన్న ప్రత్యూషను అడిగాడు. టాంజానియాలో చాలామంది ఆడవాళ్ళు తండ్రి పేరును తమ పేరు పక్కన పెట్టుకుంటారని ఆ అమ్మాయికీ తెలియదు, ఈయనకూ తెలియదు. రాతపూర్వకంగా ఇస్తే మారుస్తానంది. బసవపున్నయ్య తెల్లకాగితం అడిగి తీసుకుని, సదరు జోసెఫ్ గారు పురుషుడేననీ, అందుకు తానే పూచీ అనీ పేజీ నిండా రాసి సంతకం చేశాడు. ఆడవాళ్ళ వార్డులో ఉన్న మంచం మగవాళ్ళ వార్డులోకి మారింది. ఇంటికి వస్తూ దారిలో మామగారికని రెండు జతల పంచెలు కూడా కొన్నాడు.

మంగళవారం గన్నవరంలో 'మిస్టర్ జోసెఫ్' అని ఇంగ్లీషులో రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. తొందరలో ఫోన్ ఇంట్లోనే మరిచిపోయి వచ్చాడు. బయటికొచ్చే జనంలోంచి అరవయ్యేళ్ళ పెద్దమనిషి ఒకాయన కాస్త కుంటుతూ, అట్ట చూసి, నేరుగా వచ్చి చెయ్యి కలిపాడు. ఆయన పేరు జోసెఫే. కొట్టాయం నుంచి ఆటోనగర్లో ఒక నీటి పంపుల కంపెనీ సరుకు పరీక్షించి ఆర్డరివ్వడానికి వచ్చాడు. కుంటడానికి కారణం ఇరుకు సీట్లో కాలు తిమ్మిరెక్కడం. నీమా ఫోటోలతో పోలిక ఏమాత్రం కుదరకపోయినా, పిల్లకు తల్లి పోలిక వచ్చిందని బసవపున్నయ్య సరిపెట్టుకున్నాడు. మన దేశం వాళ్ళు కూడా అక్కడ తరాలుగా ఉన్నారని చక్రి ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చి ఇంకాస్త కుదుటపడ్డాడు.

కారులో ఇద్దరికీ కలిసిన భాష ఇంగ్లీషు. అదీ కొద్దిగానే.

"టెస్టింగ్ ఈరోజేనా?" అని అడిగాడు జోసెఫ్.

"ఈరోజే సార్. అన్ని టెస్టులూ ఈరోజే."

"ప్రెషర్ జాగ్రత్తగా చూడాలి."

"ముందు చూసేది ప్రెషరే సార్."

జోసెఫ్ తృప్తిగా వెనక్కి వాలాడు. ఇంత సిద్ధంగా ఉన్న కంపెనీని ఆయన ఈమధ్య చూడలేదు.

ఆసుపత్రి ముందు కారు ఆగినప్పుడు పంపులు బిగించింది ఇక్కడే కాబోలనుకున్నాడు. చక్రాల కుర్చీ తెస్తే, కుంటడం చూసి మర్యాద చేస్తున్నారనుకుని కూర్చున్నాడు. మీద అంతస్తులో నర్సు వచ్చి చేతికి పట్టీ కట్టి, రక్తం తీసే సూది బయటికి తీసి, ప్యాంటు మోకాలి పైదాకా మడవమన్నప్పుడు మాత్రం లేచాడు. లేచి మెట్ల వైపు పరుగు తీశాడు. మోకాలు మార్చాల్సిన మనిషి రెండేసి మెట్లు దాటుకుంటూ దిగుతుంటే బసవపున్నయ్య నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. తేరుకుని వెంటపడేసరికి జోసెఫ్ వీధిలో ఆటో ఎక్కేశాడు.

ప్రత్యూష పద్ధతి ప్రకారం 'రోగి ఆపరేషన్‌కు ఒప్పుకోక వెళ్ళిపోయాడు' అని ఎక్కించింది. మర్నాడు తొమ్మిది గంటలకు ఉన్న ఆపరేషన్ వేళ, వరుసలో తర్వాత ఉన్న వాళ్ళకు పోయింది.

అదే సమయానికి భవానీపురంలో, లిఫ్టు పనిచెయ్యని అపార్టుమెంటు మూడో అంతస్తులో, శివపార్వతి తలుపు తీసింది. ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని, చెమటతో తడిసిపోయి ఒకావిడ నిలబడి ఉంది. వెనక పెట్టె మోసుకుని ఆటో డ్రైవరు. విమానంలో అందరూ దిగిపోయాక చక్రాల కుర్చీలో బయటికి వచ్చేసరికి ఆవిడ కోసం ఎవరూ లేరు. బసవపున్నయ్యకు ఫోన్ చేయిస్తే ఎత్తలేదు. ఆ ఫోను వంటింటి గట్టు మీద శబ్దం లేకుండా వెలిగి ఆరుతోంది. చక్రి తెలుగులో రాసిచ్చిన చిరునామా కాగితం ఆటో అతని చేతిలో పెట్టి, ఒక్కతే వచ్చేసింది.

గుండె మీద చెయ్యి వేసుకుని, "మామా నీమా," అంది.

శివపార్వతి ఆ ముఖంలోకి చూసింది. ఫోటోల్లో చూసే నీమాయే, ముప్ఫై ఏళ్ళు పైబడి. మనం చక్రి వాళ్ళమ్మ, పక్కింటి ఉషశ్రీ వాళ్ళమ్మ అన్నట్టే వాళ్ళు నీమా తల్లిని మామా నీమా అంటారని ఆమెకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఇడ్లీలు పెట్టింది. అప్పుడు గుర్తొచ్చాడు భర్త. మరి ఆయన ఎవరిని ఎక్కించుకుని వెళ్ళినట్టు?

ఆటోను ఉండమంది. మామా నీమా ఆ మూడు అంతస్తులూ మళ్ళీ దిగింది. మెట్టు మెట్టుకూ పెదవి బిగబట్టిందే గాని మూలగలేదు. శివపార్వతి ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. ఆసుపత్రికి చేరేలోపు ఆ ఇద్దరి మధ్యా పూర్తి వాక్యం ఒక్కటీ నడవలేదు, కానీ శివపార్వతికి ఆవిడ కష్టం మొత్తం తెలిసిపోయింది.

బసవపున్నయ్య వరండాలో బల్ల మీద ముఖం వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు.

"నీమా వాళ్ళమ్మగారు," అని పరిచయం చేసింది శివపార్వతి. "మీరు తెచ్చినాయన ఏరి?"

"పారిపోయారు," అన్నాడాయన.

ఒక పేజీ ఉత్తరంతో పురుషుడిగా మారిన మనిషిని తిరిగి స్త్రీని చెయ్యడానికి బసవపున్నయ్య ఇంకో ఉత్తరం రాశాడు. ఇది రెండే వాక్యాలు. కానీ పోయిన వేళ తిరిగి రాలేదు. డాక్టర్ దుర్గాశంకర్ మర్నాడు సాయంత్రమే ఊరు వెళ్తున్నాడు, తిరిగొచ్చేది పదిహేను రోజులకు. అంతవరకూ ఆగమన్నాడు.

"ఆగితే వీసా గడువు అయ్యేలోపు ఈవిడకు కర్ర వదిలిపెట్టడం కుదరదు డాక్టరుగారూ," అంది శివపార్వతి. "అక్కడ ఏడో నెల కడుపుతో ఉన్న కూతురు ఈవిడ కోసం ఎదురుచూస్తోంది. తప్పు మా ఆయనది. శిక్ష ఆవిడకి వెయ్యకండి."

మామా నీమాకు ఆ మాటలు తెలియకపోయినా ముఖాలు తెలిశాయి. తమ ఊరి పెద్దాసుపత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు నర్సుగా పనిచేసి, రేపు రమ్మని రోగులకు చెప్పాల్సిన వాళ్ళ ముఖాలు రోజూ చూసిన మనిషి. గొడవ పడలేదు, బతిమాలలేదు. సంచిలోంచి ఒక లావాటి నోటుపుస్తకం తీసి డాక్టరు చేతికిచ్చింది. రెండేళ్ళుగా ఏ రోజు ఎంత దూరం నడిచిందో, మోకాలు ఎంతవరకు వంగిందో, ఏ మందుకు ఎంత వాపు దిగిందో ఇంగ్లీషులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది. డాక్టరు నిలబడే తిప్పడం మొదలుపెట్టి, నాలుగు పేజీలయ్యాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మా జూనియర్లు కూడా ఇంత శ్రద్ధగా రాయరు," అన్నాడు చివరికి. "పరీక్షలు ఇప్పుడే కానివ్వండి. రేపు ఒక గంట ముందొస్తాను. మొదటి ఆపరేషన్ ఈవిడదే."

ఆపరేషన్ చక్కగా జరిగింది. నాలుగో రోజున మామా నీమాను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసి మూడో అంతస్తుకు చేర్చారు. ఆ నలుగురిలో కుర్చీ ముందు కాలు పట్టుకున్నది బసవపున్నయ్యే. పంచెలు రెండు జతలూ ఆవిడకు నచ్చాయి. తలకు చుట్టుకుంటే ఎంతో హుందాగా ఉందని శివపార్వతి మురిసిపోయింది.

మంచం మీద ఉన్నది రోగి అని ఇంట్లో అందరూ అనుకున్నారు. మంచం మీద ఉన్నావిడ అలా అనుకోలేదు. శివపార్వతి గంట గంటకూ చెంబెడు నీళ్ళు తాగడం, మధ్యాహ్నానికే సోలిపోవడం, కాలి బొటనవేలి మీద పుండు ఎంతకీ మానకపోవడం ఆవిడ వారం రోజులు గమనించింది. ఎనిమిదో రోజున బసవపున్నయ్యను పిలిచి, ఆ వేలు చూపించి, ఆసుపత్రి వైపు వేలు చూపించింది. రక్తపరీక్షలో షుగరు నాలుగు వందలు దాటి ఉంది. ఇంకో నెల ఆలస్యమైతే వేలు తీసెయ్యాల్సి వచ్చేదని డాక్టరు చెప్పాడు. థర్మల్ స్టేషన్ వాళ్ళు ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డు పదేళ్ళుగా శివపార్వతి బీరువాలో పట్టుచీరల కింద మడత నలగకుండా ఉంది. ఇన్సూరెన్సు లేక ఇన్ని వేల మైళ్ళు వచ్చిన మనిషి చెబితే గాని దాన్ని బయటికి తీసిన వాళ్ళు లేరు.

బసవపున్నయ్య ఆ రోజు ఇంటికొచ్చాక మామా నీమా మంచం దగ్గర నిలబడి, రెండు చేతులూ జోడించి, "వదినగారూ," అన్నాడు. అంతకుమించి చెప్పడానికి ఆయనకు ఇంగ్లీషు చాలలేదు, తెలుగూ చాలలేదు. ఆవిడ నవ్వి, కూర్చోమని కుర్చీ చూపించింది. తర్వాత ఆయన బీపీ కూడా చూసింది. అదీ ఎక్కువే ఉంది.

ఆరో వారానికి మామా నీమా కర్ర వదిలేసింది. శివపార్వతి వేలు మానింది. ఆవిడ వేసిన పట్టిక ప్రకారం ముగ్గురూ రోజూ ఉదయాన్నే కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్ దాకా నడిచి వస్తున్నారు. ఇద్దరాడవాళ్ళూ ఒకరికి తెలియని భాషలో ఒకరు కబుర్లు చెప్పుకుంటూ, నవ్వుకుంటూ ముందు నడుస్తారు. ఒకరోజు దారిలో టీ కొట్టతను వాళ్ళను ఎగాదిగా చూసి, ఈ ముగ్గురిలో ఆపరేషన్ అయింది ఎవరికండీ అని వెనక వస్తున్న బసవపున్నయ్యను అడిగాడు.

జవాబు చెప్పడానికి బసవపున్నయ్యకు ఊపిరి అందలేదు.