స్నానాల తొట్టిలో క్రిస్మస్ చెట్టు

ఆ శుక్రవారం ఉదయం బెర్నీస్ అనుకున్న పని చిన్నదే. అత్తగారు చెల్లెలి ఊరి నుంచి వచ్చేది ఆదివారం. ఈలోగా క్రిస్మస్ చెట్టు పెట్టాలి, ఏడేళ్ళ జూడీ ముచ్చట తీర్చాలి, శనివారం రాత్రికి చెట్టు తీసేసి ఇల్లు ఊడ్చేయాలి.

అప్పట్లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఆ వీధి వీధంతా యూదులవే, రెండు వాటాల ఇళ్ళే. మేడ మీద అత్తగారు హెర్మీనా. కింద కొడుకు మార్విన్, కోడలు బెర్నీస్, మనవరాలు జూడీ. శుక్రవారం సాయంత్రం ఆవిడ దిగి వచ్చి బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చుంటేనే ఆ ఇంట్లో వారాంతపు విశ్రాంతి దినం, సబ్బాతు, మొదలైనట్టు. ఎదురింటి పెర్ల్ కిందటేడు చెట్టు పెట్టింది. క్రైస్తవుల పండగ మనింట్లోనా అని అప్పటి నుంచి పెర్ల్ అత్తగారు ఆ గడప తొక్కలేదు. బెర్నీస్ భయమంతా అదే. అత్తగారి తిట్లు ఆమెకు అలవాటే. ఖాళీ కుర్చీ అలవాటు లేదు.

"మనకి హనుక్కా ఉందిగా, ఎనిమిది రోజుల పండగ" అని ఎన్నిసార్లు చెప్పినా జూడీది ఒకటే మాట: "దానికి చెట్టు లేదుగా!" చివరికి మార్విన్, "పాపం, పిల్ల అడుగుతోంది కదా" అని చెట్టు తెచ్చాడు. పిల్ల అడిగినదానికన్నా అది రెండడుగులు ఎక్కువే ఉంది. గాజు బంతులు కూడా పిల్ల చేతికివ్వకుండా తనే కట్టాడు.

ఆఖరి బంతి కడుతుండగా వీధిలో టాక్సీ ఆగింది. హెర్మీనా దిగింది. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో బకెట్. బకెట్లో బతికున్న చేప.

"చచ్చాం" అన్నాడు మార్విన్. చెట్టును బంతులతో సహా ఎత్తుకుని స్నానాల గదిలోకి పరిగెత్తి, తొట్టిలో పడేసి, లోపల గడియ వేసుకున్నాడు. ఆ ఇంట్లో తలుపున్న గది దగ్గర్లో అదొక్కటే. చేపను వండేదాకా ఈదించేది కూడా ఆ తొట్టిలోనే అన్న సంగతి అతనికి ఆ క్షణంలో తట్టలేదు.

"ఆ ఊళ్ళో చేపలు చూశావూ, కళ్ళల్లో జీవం లేదు. అలాంటివాటితో పండగేమిటి? పొద్దున్నే బస్సెక్కేశాను, ఇక్కడ దిగగానే ఇది కొన్నాను" అంటూ హెర్మీనా సరాసరి స్నానాల గదికేసి నడిచింది. "తొట్టి నింపు, బెర్నీస్."

"అత్తయ్యా, లోపల మార్విన్ ఉన్నాడు."

"బయటికి రమ్మను."

"రాలేడండీ. కడుపు బాగాలేదు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. హెర్మీనా బకెట్ దించి తలుపు తట్టింది. "ఒరేయ్, ఏం తిన్నావురా?"

లోపల మార్విన్ ఆ సమయంలో చెట్టును కిటికీలోంచి పక్క సందులోకి తోస్తున్నాడు. ఆకులు మెడలో గుచ్చుకుని మూలిగాడు. ఆ మూలుగుతో అబద్ధానికి సాక్ష్యం దొరికింది.

"మీ నాన్నా ఇలాగే మూలిగాడు!" హెర్మీనా ఫోన్ అందుకుంది. డాక్టరైన మేనల్లుడు సీమోర్, ఎక్కడ నొప్పి అని అడిగాడు. "అంతటా" అంది ఆవిడ. అపెండిక్స్ కావచ్చన్నాడు. అంబులెన్స్ పంపిస్తున్నానన్నాడు.

బెర్నీస్ తలుపుకి నోరు ఆనించి, "మార్విన్, వచ్చెయ్. అంబులెన్స్ వస్తోంది!" అంది.

"ఎవరికి?"

"నీకే!"

"రాలేను. చెట్టు ఇరుక్కుంది" అని గుసగుసగా జవాబొచ్చింది. సగం కిటికీ బయట, సగం లోపల. మధ్యలో మార్విన్.

స్ట్రెచర్‌తో ఇద్దరు దిగేసరికి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. పెర్ల్ ఆప్రాన్‌తోనే పరిగెత్తుకొచ్చింది. ఇద్దరిలో పొడుగాయన సందులోకి ఒకసారి తొంగి చూసి, "అమ్మా, మీ గోడకి కొమ్మలు మొలిచాయి" అన్నాడు.

"ముందు తలుపు విరగ్గొట్టు!" అంది హెర్మీనా.

తలుపు విరిగింది. మార్విన్ తొట్టి అంచు మీద నిలబడి చెట్టు మొదలును కావలించుకుని ఉన్నాడు. జుట్టు నిండా ఆకులు. స్ట్రెచర్ తగిలి బకెట్ తిరగబడింది. చేప నేల మీద జారుకుంటూ లోపలికి వెళ్ళింది. హెర్మీనా చేప వంక చూడలేదు. చెట్టునే చూస్తోంది.

బెర్నీస్ కళ్ళు మూసుకుంది. కుర్చీ పోయిందనుకుంది.

"ఇలాగేనా కట్టేది?" అంది హెర్మీనా. "బరువు బంతులు కింది కొమ్మలకి కట్టాలి. పైన కడితే వంగిపోదూ?"

ఆవిడే ఒక బంతి విప్పి కింది కొమ్మకి మార్చింది.

"జర్మనీలో, బ్రెస్లావులో, మా నాన్న కప్పుకి తగిలేంత చెట్టు తెచ్చేవాడు. కొమ్మకొమ్మకీ కొవ్వొత్తులు. మా నానమ్మ వస్తోందంటే బట్టల బీరువాలోకి తోసేవాళ్ళం. ఏడాదంతా కోట్లు ఇదే వాసన వేసేవి." ఆవిడ ఒక కొమ్మ తుంచి ముక్కు దగ్గర పెట్టుకుంది.

మార్విన్ తొట్టి దిగాడు. "మరి చిన్నప్పుడు నేనడిగితే చెంప పగలగొట్టావుగా?"

"అప్పుడు మేడ మీద మీ బామ్మ ఉండేదిరా. ఆవిడంటే నాకు హడల్."

చెట్టును కిటికీలోంచి లాగింది అంబులెన్స్ వాళ్ళే. పొద్దు వాలకముందే హనుక్కా ఆరో రోజు దీపాలు వీధి కిటికీలో వెలిగాయి. చెట్టు గది వెనక మూలలో నిలబడింది. నూనెలో బంగాళాదుంప అట్లు వేగుతున్న వాసనా, పైన్ చెట్టు వాసనా కలిసి ఇల్లంతా తిరిగాయి. ఆ ఇల్లు తర్వాత అమ్మేశారు. జూడీకి ఆ ఇంటి పేరెత్తితే ఇప్పటికీ మొదట గుర్తొచ్చేది ఆ వాసనే.

హెర్మీనా తన కుర్చీలో కూర్చుంది. బెర్నీస్ ధైర్యం చేసింది.

"అయితే అత్తయ్యా, వచ్చే ఏడు కూడా పెట్టుకోమంటారా?"

"కుదరదు. ఇది యూదుల ఇల్లు. నేను ఛస్తే ఒప్పుకోను."

"మరి?"

"దాచుకోండి. ఈసారి సరిగ్గా."

మరుసటి ఏడు చెట్టును మేడ మీద హెర్మీనా పడకగదిలోనే దాచారు. ఆవిడ వెతకనని మాటిచ్చిన చోటు అదొక్కటే.