హుర్ అనే మాట ఎవరిది?

ఒక పెద్ద అడవి ఉండేది. పేరుకే పెద్దది, రోహిణి కార్తె వచ్చేసరికి అందులో మిగిలింది ఒక్కటే మడుగు. దాన్ని అందరూ 'హుర్' అనేవారు.

గొడవంతా అక్కడే. కోతుల భాషలో హుర్ అంటే పండు. పందుల భాషలో అమ్మ. లేళ్లకేమో 'పరుగెత్తు' అని. ఒక భాషకూ ఇంకో భాషకూ చుట్టరికమే లేదు, మాట మాత్రం అందరి నోళ్లలోనూ ఉంది.

పంచాయతీ పెద్ద ఏనుగు గారు మీటింగు పెట్టారు. "ఈ మాట ఎవరి భాషలో పుట్టిందో వాళ్లదే మడుగు. తేలేదాకా ఎవరూ నీళ్లు ముట్టకూడదు" అని తీర్మానించారు. అందరూ సంబరంగా కాళ్ల ముద్రలు వేశారు. చూశారా తెలివి!

లేడి చంద్రమ్మ కూనను ముందుకు తోసింది. "అయ్యా, పిల్లదానికి నాలుక పిడచకట్టుకుపోతోంది. గుక్కెడు తాగనివ్వండి."

"కమిటీ వేశాం కదమ్మా! ఆమాత్రం ఓపిక లేకపోతే ఎలా?" అన్నారు ఏనుగు గారు.

కమిటీ అంటే నక్క జంబులయ్య ఒక్కడే. పండితుడని వాడే చెప్పుకునేవాడు. రెండు రోజులు పొద నీడలో గుర్రుపెట్టాడు. చంద్రమ్మ లేతాకులు నమిలి ఆ తడే కూన నోట్లో పెడుతూ ఏడ్చింది.

మూడో రోజు జంబులయ్య తాటాకుల కట్టతో వచ్చాడు. "పండూ కాదు, అమ్మా కాదు. ఇది మొసళ్ల మాట. మీరంతా వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లే."

"మొసళ్లా? మా తాతల కాలంలోనే పోయాయిగా!" అంది పంది.

"అదే కదా నా బాధ! వారసులు లేరు. ఆ భాష వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను." జంబులయ్య కళ్లు తుడుచుకున్నాడు.

"మరి మొసళ్ల భాషలో దానర్థమేమిటి?" అంది కోతి.

"చెప్పినా నీ తలకెక్కదులే."

ఏనుగు గారు ముద్ర గుద్దేశారు. మడుగూ, అందులో ఉన్న సమస్తమూ మొసళ్లదనీ, మొసళ్లు లేవు గనుక జంబులయ్యదనీ.

జంబులయ్య దర్జాగా మడుగులో దిగి, బురదలో ఏళ్ల తరబడి నిద్రపోతున్న ముసలి మొసలి వీపు మీద కాలు మోపాడు. మొసలి ఆవులించి ఆ కాలు పట్టేసుకుంది.

"బాబోయ్! ఏనుగు గారూ, కాపాడండి!"

"ఎలాగయ్యా? మడుగులో ఉన్న సమస్తమూ మొసళ్లదని నువ్వే రుజువు చేశావు. ముద్రలు కూడా వేసేశాం." ఏనుగు గారు నిజంగానే బాధపడ్డారు.

మొసలికి నోరు ఖాళీ లేదు. ఆ సందు చూసుకుని చంద్రమ్మ కూనతో అవతలి ఒడ్డు చేరింది. తీర్మానం ఏం చెప్పిందో ఎవర్నీ అడగలేదు. ఇద్దరూ కడుపునిండా తాగారు.

నీతి: మాట పుట్టుక తవ్వేవాడు, పుట్టించినవాడు చచ్చాడో లేదో ముందు చూసుకోవాలి.