చాయ్ గ్లాసుల సూచిక

పోలీసు యాక్షన్ అయిన మరుసటి వేసవిలో, ఆముదాల ధరను ముందే కనిపెట్టే శాస్త్రమొకటి సూర్యాపేటలో పుట్టిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పుట్టించినవాడు అడ్తి వ్యాపారి బిక్షపతి. పుట్టిన చోటు మార్కెట్‌కు ఎదురుగా ఉన్న మత్తయ్య హోటలు.

శాస్త్రం తేలికైనదే. ధర పెరిగే ముందు వ్యాపారికి కాలు నిలవదు. కాలు నిలవనివాడు చాయ్ తాగుతాడు. కనుక గ్లాసులు పెరిగితే సరుకు ఆపాలి, తగ్గితే అమ్మాలి.

బిక్షపతి భార్య గోపమ్మకు శాస్త్రంతో పేచీ లేదు. ఆమె పేచీ అంతా నలభై బస్తాల ఆముదాలతో. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క అర్రలో అవి దూలాల దాకా పేర్చి ఉన్నాయి. కోదాడలో కాపురముంటున్న కూతురు చంద్రమ్మ తొలి కాన్పుకు నెల రోజుల్లో రావాలి. పురుడు పోయవలసింది ఆ అర్రలోనే.

"పిల్ల యాడ పండుకుంటది? బస్తాల మీదనా?"

"జర ఆగవే. సూచిక ఇంకా కుదురుకోలె."

నిజమే, కుదురుకోలేదు. మొదటి వారం గ్లాసులు పెరిగాయి, ధర పడింది. విచారించగా, మోతె ఊరి పెండ్లివారు బస్సు కోసం కూచుని తాగిపోయారని తేలింది. పెండ్లివారి గ్లాసులు తీసివేయాలని సవరణ జరిగింది. తర్వాత గ్లాసులు తగ్గాయి, ధర కూడా తగ్గింది. సూచిక మొదటిసారి నిజం చెప్పింది గాని, ఆనాడు మత్తయ్య పాలు విరిగాయని తెలిసి బిక్షపతి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఒక్కనాటి గ్లాసులను నమ్మరాదని మూడు రోజుల సగటు కట్టాడు. అదీ చాలక పది రోజుల సగటు కట్టి, రెండింటినీ హోటలు గోడ మీద బొగ్గుతో గీశాడు. మూడు రోజుల గీత పది రోజుల గీత కిందికి దిగిన రోజే అమ్మకం. ఇన్ని సవరణల తర్వాత గడిచిన నెల ధరలన్నీ సూచిక తప్పు లేకుండా చెప్పింది. ఇక మిగిలింది రేపటి ధర ఒక్కటే.

ఇవన్నీ బిక్షపతి అన్నం తింటూ చెప్పేవాడు. గోపమ్మ చారు పోస్తూ, బిడ్డ వచ్చే రోజులు వేళ్ల మీద లెక్క పెట్టుకునేది.

పేరు పాకింది. గీత చూడటానికి బజారంతా హోటలుకు వచ్చింది. వచ్చినవాళ్లు ఊరికే నిలబడరు గదా, చాయ్ తాగారు. గ్లాసులు పెరిగాయి. గీత లేచింది. అందరూ సరుకు ఆపారు. బిక్షపతి బల్ల ఎక్కి ఉపన్యసించాడు: "సోదరులారా, మన చాయ్ ముందు బెజవాడ ధరల టెలిగ్రాం దిగదుడుపు."

ఆ చప్పట్ల వేళకే మిర్యాలగూడ నుంచి నూనె మిల్లు మనిషి రామలింగయ్య వచ్చాడు. బజారులో ఒక్క బస్తా దొరకలేదు. తిరిగి తిరిగి గోపమ్మ గడప ముందు ఆగాడు.

"అమ్ముతవా అక్కా? అడిగినంత ఇస్త."

"నువ్వు ఎంతన్న ఇయ్యి. పొద్దుగూకే లోపల అర్ర ఖాళీ కావాలె. రేపు నా బిడ్డొస్తది."

పొద్దుగూకే లోపల అర్ర ఖాళీ అయింది. గోపమ్మ అలికి, ముగ్గేసి, నులక మంచం వాల్చింది. చంద్రమ్మ వచ్చి పడుకుంది. తర్వాతి వారం ఆముదాల ధర కూలిపోయింది. ఆ ఏటి మంచి ధర గోపమ్మకు ఒక్కదానికే దక్కింది.

వ్యాపారులు బిక్షపతిని ముందు పెట్టుకుని గోపమ్మ వాకిట్లోకి వచ్చారు.

"వదినా, అమ్మేముందు ఏం సూసినవ్?" అని అడిగాడు నర్సింహ, పక్క దుకాణం వాడు.

"నా బిడ్డకు నెలలు నిండినయి. అది సూసిన."

అందరూ శ్రద్ధగా రాసుకున్నారు.

ఇప్పుడు సూర్యాపేటలో కాన్పు సూచిక అమలులో ఉంది. కూతురికి ఎన్నో నెలో ఏనాడూ అడగని తండ్రులు సగటుతో సహా చెబుతున్నారు. ఆ కూతుళ్లు పుట్టింటికి వస్తే ఒరగడానికి చోటు మాత్రం లేదు. నెలలు నిండేదాకా అమ్మరాదు గనుక, అర్రల నిండా బస్తాలే.